కృప కింద ఉన్నవారికి ఆజ్ఞలతో పనేమిటి?

క్లుప్తంగా: ధర్మశాస్త్రం, అంటే మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞలు, క్రీస్తుతో ముగిసిపోయిందని ఒక బోధకుడు చెబుతారు. ఆజ్ఞ తప్పితే రక్షణ పోతుందని మరొకరు హెచ్చరిస్తారు. రెండూ విన్న విశ్వాసి ఎటూ తేల్చుకోలేకపోతాడు. మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం వల్లే ఈ చిక్కు ఎక్కువగా వస్తోంది. రక్షణ ఎలా దొరుకుతుంది? దొరికినవారు ఎలా బతకాలి? పాత నిబంధన ఆజ్ఞల్లో ఇప్పుడు ఏవి వర్తిస్తాయి? రక్షణకు మూలం కృపేనని, రక్షణ పొందినవారి బతుకు విధేయతతో సాగాలని చారిత్రక సంఘాలన్నీ ఒప్పుకుంటాయి. తేడాలు ఎక్కువగా మూడో ప్రశ్న దగ్గర వస్తాయి. హైదరాబాద్ సంఘాల్లో రోజూ ఎదురయ్యే ఆదివారం డ్యూటీ, ప్రసాదం, దశమభాగం, కట్నం వంటి విషయాలన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

అయోమయం ఎక్కడ పుడుతోంది

హైదరాబాద్‌లోని తెలుగు క్రైస్తవులందరూ ఒకే సంప్రదాయం నుంచి వచ్చినవారు కారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన లూథరన్ కుటుంబాల వెనక 1842లో మొదలైన మిషన్ ఉంది. నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చినవారిలో బాప్టిస్టులు ఎక్కువ. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చరిత్ర వారిది. మెదక్ వైపు కుటుంబాలు వెస్లియన్ మెథడిస్టు బోధలో పెరిగి, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో చేరాయి. వీరు కాక గన్‌ఫౌండ్రీ, సికింద్రాబాద్ విచారణల కేథలిక్కులు, ముషీరాబాద్ హెబ్రోను సహవాసం, పెంతెకొస్తు వారు, అడ్వెంటిస్టులు, వీధికొకటిగా వెలసిన స్వతంత్ర సంఘాలు ఉన్నాయి.

ఉద్యోగం కోసం గుంటూరు నుంచి కూకట్‌పల్లికి వచ్చిన లూథరన్ కుటుంబం ఇంటికి దగ్గర్లో ఉన్న స్వతంత్ర సంఘానికి వెళ్లడం మొదలుపెడుతుంది. పిల్లలు మరో సంఘం యూత్ మీటింగ్‌కు వెళ్తారు. రాత్రి ఫోన్‌లో ఇంకెవరిదో ప్రసంగం వింటారు. ఆజ్ఞల లెక్క కూడా అందరికీ ఒకటి కాదు. "దొంగిలకూడదు" అనేది లూథరన్లకు, కేథలిక్కులకు ఏడో ఆజ్ఞ, సీఎస్ఐ, బాప్టిస్టు వారికి ఎనిమిదోది.

రెండో కారణం వాక్యాన్ని ముక్కగా వినడం. "మీరు ధర్మశాస్త్రానికి లోనైనవారు కారు" అనే మాట రోమా 6:14లో ఉంది. అలాగని పాపం చేయవచ్చా అని వెంటనే 15వ వచనంలో పౌలే అడిగి, "అదెన్నటికిని కూడదు" అని తనే జవాబిస్తాడు. ఒక నిమిషం వీడియోలో మొదటి వచనమే మిగులుతుంది. ఎదుటి పక్షం యాకోబు 2:10 ఒక్కటే చూపిస్తుంది. అక్కడ ఒక్క ఆజ్ఞ తప్పినా అన్నిటిలో అపరాధి అవుతాడని ఉంది. రెండు వచనాల ముందు పొరుగువాణ్ని ప్రేమించడం గురించి ఏముందో, మూడు వచనాల తర్వాత కనికరం గురించి ఏముందో ఎవరూ చదవరు.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డులను చూసినా ఇది అర్థమవుతుంది. తలగా ఉంచుతాను గాని తోకగా ఉంచను అనే ద్వితీయోపదేశకాండము 28:13 తెలుగు ఇళ్ల గోడల మీద బాగా కనిపించే మాట. ఆజ్ఞలు విని అనుసరిస్తే అనే షరతు అదే వచనంలో ఉన్నా, చాలాసార్లు కార్డు మీద దానికి చోటు దొరకదు. అదే అధ్యాయం 15 నుంచి 68 వరకు ఉన్న శాపాలను కానుకలివ్వని వారిని భయపెట్టడానికి వాడే బోధకులూ ఉన్నారు. ఒకరు షరతు తీసేసి ఆశీర్వాదం ఇస్తారు, ఇంకొకరు శాపమే ఇస్తారు. క్రీస్తు మనల్ని ధర్మశాస్త్ర శాపం నుంచి విడిపించాడన్న గలతీ 3:13ను పక్కన పెట్టి ఆ అధ్యాయాన్ని సంఘానికి చదివి వినిపించడం పెద్ద పొరపాటు.

ముందు విడుదల, తర్వాత ఆజ్ఞ

ఈ చర్చలో అన్నిటికంటే తేలిగ్గా మరచిపోయేది నిర్గమకాండంలోని సంఘటనల వరుస. పస్కా రాత్రి 12వ అధ్యాయంలో, సముద్రం దాటడం 14లో, పది ఆజ్ఞలు 20లో ఉన్నాయి. ఇశ్రాయేలీయులు సీనాయి చేరింది ఐగుప్తు విడిచిన మూడో నెలలో. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని దేవుడు ఐగుప్తులో వారికి చెప్పలేదు. విడిపించి తెచ్చాక, "నిన్ను దాస్యగృహం నుంచి రప్పించిన దేవుణ్ని నేనే" అని గుర్తుచేసి, ఆ తర్వాతే మొదటి ఆజ్ఞ ఇచ్చాడు. యూదు సంప్రదాయం ఆ వాక్యాన్నే పది మాటల్లో మొదటిదిగా లెక్కిస్తుంది.

కొత్త నిబంధన పత్రికలూ అదే దారిలో నడుస్తాయి. రోమా పత్రిక పదకొండు అధ్యాయాలు దేవుడు చేసినదాన్ని చెప్పి, పన్నెండో అధ్యాయంలో "కాబట్టి" అని విశ్వాసి జీవితం వైపు తిరుగుతుంది. ఎఫెసీ పత్రిక సగం సగంగా ఉంటుంది. మొదటి మూడు అధ్యాయాల్లో కృప, తర్వాతి మూడింటిలో నడవడి. రక్షణ క్రియల వల్ల కాదన్న ఎఫెసీ 2:9 పక్కనే, సత్‌క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామన్న 2:10 ఉంది.

యిర్మియా 31 చెప్పిన కొత్త నిబంధనలో ధర్మశాస్త్రం ఉంటుంది. అయితే అది రాతిపలకల మీద నుంచి హృదయం మీదికి వస్తుంది. యెహెజ్కేలు 36 దీనికి ఇంకో మాట కలుపుతుంది. నా ఆత్మను మీలో ఉంచి మీరు నా కట్టడలను అనుసరించేలా చేస్తానని దేవుడే అంటాడు. అంటే విధేయతకు కావలసిన శక్తిని కూడా ఆయనే ఇస్తాడు. క్రైస్తవ విధేయతను కేవలం క్రమశిక్షణ నుంచి వేరు చేసేది ఇదే. ఈ వరుస తారుమారైతే విశ్వాసి రెండు గోతుల్లో ఏదో ఒకదాంట్లో పడతాడు. బాగా పాటిస్తున్నానని అనిపిస్తే పక్కవాణ్ని తక్కువగా చూస్తాడు, పాటించలేకపోతున్నానని అనిపిస్తే దేవుడు తనను వదిలేశాడని కుంగిపోతాడు. ప్రార్థన కోసం పాస్టర్ల దగ్గరికి వచ్చే యువతలో ఈ రెండో రకం టెన్షన్‌ను తేలిగ్గా తీసుకోకూడదు.

లూథర్ నుంచి హైడల్‌బర్గ్ దాకా

ప్రొటెస్టెంట్ సంఘాలు పుట్టిన పదహారో శతాబ్దపు సంస్కరణ కాలంలోనే ఈ గొడవ బహిరంగంగా బయటపడింది. కృప ప్రకటిస్తే చాలు, సంఘంలో ధర్మశాస్త్రం బోధించనక్కర్లేదని 1537 ప్రాంతంలో జర్మన్ బోధకుడు యోహాన్ అగ్రికోలా వాదించాడు. విశ్వాసం ద్వారానే నీతి అని జీవితమంతా చెప్పిన లూథరే ఆయన్ని గట్టిగా ఖండించాడు. అంతకుముందే, 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిని (ప్రశ్నలు, జవాబులుగా విశ్వాసం నేర్పే పుస్తకం) లూథర్ పది ఆజ్ఞలతోనే మొదలుపెట్టాడు. తెలుగువారికి ఈ పుస్తకంతో ప్రత్యేకమైన బంధం ఉంది. బెంజమిన్ షుల్ట్జ్ దాన్ని తెలుగు చేసి 1746లో జర్మనీలోని హాలె నగరంలో అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ధర్మశాస్త్రానికి మూడు ఉపయోగాలున్నాయని ఆ తరం వేదాంతులు చెప్పారు. సమాజంలో చెడును అదుపు చేయడం ఒకటి, అద్దంలా మనిషికి తన పాపాన్ని చూపి క్రీస్తు దగ్గరికి నడిపించడం రెండోది, క్రీస్తు దగ్గరికి వచ్చినవారికి దారి చూపడం మూడోది. లూథర్ రెండోదాని మీద ఎక్కువ బరువు పెట్టాడు, మరో సంస్కర్త కాల్విన్ మూడోదే ముఖ్యమన్నాడు. మూడో ఉపయోగం మీద లూథరన్లలోనే వచ్చిన తగవును 1577 నాటి ఒప్పంద సూత్రం అనే లూథరన్ల విశ్వాస పత్రం తీర్చింది. విశ్వాసికీ ఆజ్ఞలు బోధించాలని అది తేల్చింది. కాల్విన్ బాటలో నడిచే సంఘాలు వాడే 1563 నాటి హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలో మూడు భాగాలున్నాయి: మనిషి దుస్థితి, విడుదల, కృతజ్ఞత. పది ఆజ్ఞల వివరణ అందులో మూడో భాగంలో, కృతజ్ఞత కింద ఉంది. అదే ఆజ్ఞలను లూథర్ మొదట పెడితే హైడల్‌బర్గ్ వారు చివర పెట్టారు. రెండూ అవసరమే. మొదట వినేవాడికి ఆజ్ఞ తన అవసరాన్ని చూపుతుంది, రక్షణ పొందినవాడికి అదే ఆజ్ఞ ఆ రోజు చేయాల్సిన పని చెబుతుంది.

మెథడిస్టుల మతసూత్రాలు నైతిక ఆజ్ఞల నుంచి ఏ క్రైస్తవుడికీ మినహాయింపు లేదని నేరుగా చెబుతాయి. 1547లో కేథలిక్ సంఘపు ట్రెంట్ సభ కూడా పది ఆజ్ఞలు క్రైస్తవులకు సంబంధించినవి కావనే మాటను తోసిపుచ్చింది. నీతిమంతులుగా తీర్చబడే విషయంలో కేథలిక్, లూథరన్ సంఘాలు 1999 అక్టోబర్ 31న సంయుక్త ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో ప్రపంచ మెథడిస్టు మండలి అందులో చేరింది. అన్ని భేదాలూ తీరిపోలేదు. అయినా కృప వల్లే అంగీకారం, ఆ అంగీకారం నుంచి సత్‌క్రియలు అన్న మూలవాక్యం దగ్గర ఇవి ఒక్కటయ్యాయి. కాబట్టి ఆజ్ఞలు ఇక అక్కర్లేదనే బోధకు చారిత్రక సంఘాల్లో ఎక్కడా ఆధారం లేదు.

ఏ ఆజ్ఞ ఉంది, ఏది తీరిపోయింది

యూదు సంప్రదాయం తోరాలో, అంటే మోషే అయిదు పుస్తకాల్లో, 613 ఆజ్ఞలను లెక్కించింది. చేయమన్నవి 248, వద్దన్నవి 365. వీటిని నైతిక, ఆచార, పౌర అని మూడుగా విడదీయడం మధ్యయుగ కేథలిక్ వేదాంతి థామస్ అక్వినాస్ నుంచి ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం దాకా కనిపిస్తుంది. బలులు, శుద్ధి నియమాలు క్రీస్తులో నెరవేరాయి. ఇశ్రాయేలు రాజ్యానికిచ్చిన శిక్షలు, భూమి చట్టాలు ఆ రాజ్యంతో పోయాయి. నైతిక ఆజ్ఞలు నిలిచి ఉన్నాయి. ఈ విభజన ఉపయోగపడేదే కానీ, ఏ ఆజ్ఞ ఏ రకమో లేఖనం పక్కన గుర్తు పెట్టి ఇవ్వలేదు. లేవీయకాండం 19లో పొరుగువాణ్ని ప్రేమించమన్న 18వ వచనం పక్కనే రెండు రకాల నూలు కలిపిన బట్ట వద్దన్న 19 ఉంది. అందుకే యేసు, అపొస్తలులు ఆ ఆజ్ఞను ఎలా వాడారన్నది చూడటం మరింత నమ్మకమైన కొలత.

పచ్చబొట్టు వేయించుకున్న కుర్రాడికి అదే అధ్యాయం 28వ వచనం వినిపిస్తారు. కూలివాడి జీతం మర్నాటిదాకా ఆపవద్దన్న 13వ వచనం మీద ప్రసంగం వినడం అరుదు. యాకోబు 5:4 కోతవారి బాకీ కూలి గురించి మళ్లీ చెప్పింది కాబట్టి ఆ ఆజ్ఞ కొత్త నిబంధనలోనూ సజీవంగా ఉందనడంలో సందేహం లేదు. పచ్చబొట్టు గురించి కొత్త నిబంధన ఎక్కడా మాట్లాడదు.

ఆదివారం ఎవరికి సెలవు

నాలుగో ఆజ్ఞ (లూథరన్, కేథలిక్ లెక్కలో మూడోది) మీద హైదరాబాద్‌లో మూడు వైఖరులు కనిపిస్తాయి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా విశ్రాంతి దినమని అడ్వెంటిస్టులు పాటిస్తారు. శనివారం పరీక్ష పడితే వారి పిల్లలకు ఇబ్బందే. ఆ ఆజ్ఞ ప్రభువు లేచిన ఆదివారానికి మారిందని ఇంగ్లండ్‌లోని కఠిన ప్రొటెస్టెంట్ల నుంచి వచ్చిన ప్యూరిటన్ సంప్రదాయం అంటుంది. ఆదివారం దేవుడు పెట్టిన నియమం కాదు, సంఘం క్రమం కోసం పెట్టుకున్న రోజని లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన చెబుతుంది. విశ్రాంతి దినం విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని కొలస్సీ 2:16 అంటుంది.

మాదాపూర్, గచ్చిబౌలి నైట్ షిఫ్ట్ ఉద్యోగికీ, ఆదివారం డ్యూటీ పడే నర్సుకూ ఇది తేలిక ప్రశ్న కాదు. విశ్రాంతి దినాన మేలు చేయడం ధర్మమేనని మత్తయి 12లో యేసు చెప్పిన మాట నర్సు విషయాన్ని తేల్చేస్తుంది. షిఫ్ట్ ఉద్యోగికి వారంలో ఒక నిజమైన విశ్రాంతి, సంఘంతో కలిసే ఒక సమయం కుదుర్చుకోమని చెప్పడం ఆదివారం రాలేదని నిలదీయడం కంటే ఆజ్ఞ ఉద్దేశానికి దగ్గరగా ఉంటుంది.

అయితే ఈ ఆజ్ఞలో మరచిపోయిన భాగం వేరే ఉంది. అది ఇంటి యజమానికి మాత్రమే ఇచ్చింది కాదు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, ఊళ్లో ఉన్న పరదేశి అందరినీ పేరుపేరునా చెబుతుంది. ద్వితీయోపదేశకాండం 5లో కారణం కూడా మారుతుంది: నువ్వూ ఒకప్పుడు ఐగుప్తులో దాసుడివే, కాబట్టి నీ దాసుడూ నీలాగే విశ్రాంతి తీసుకోవాలి. ఇక్కడ చాలా ఇళ్లలో ఆదివారం ఆరాధన అయ్యాక చుట్టాలు వస్తారు, బిర్యానీ వండుతారు. అంట్లు రెట్టింపవుతాయి. గిన్నెలు తోమే పనిమనిషికి వారంలో అదే బరువైన రోజు. ఆమెకు జీతం కోయకుండా వారానికో సెలవు ఉందా అన్నది ఈ ఆజ్ఞ కింద నేరుగా అడగాల్సిన ప్రశ్న. యజమాని ఎన్ని గంటలకు గుడికి వచ్చాడన్న లెక్క దాని తర్వాతే.

ప్రసాదం, కటికవాడి అంగడి

ఆఫీసులో సహోద్యోగి తిరుపతి లడ్డు తెచ్చి పెడతాడు. బోనాల రోజు పక్కింటి ఆంటీ ఇంటి నుంచి గిన్నె వస్తుంది. తినవచ్చా? అపొస్తలుల కార్యాలు 15లో యెరూషలేము సభ అన్యజనుల విశ్వాసుల మీద సున్నతి భారం పెట్టలేదు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం అనే నాలుగిటి నుంచి దూరంగా ఉండమని మాత్రమే రాసింది. కొరింథు సంఘానికి పౌలు మరింత వివరంగా మూడు సందర్భాలు విడదీశాడు. విగ్రహాల గుడిలో బల్ల దగ్గర, పూజలో భాగంగా తినడం కుదరదు. కటికవాడి అంగడిలో అమ్మేదాన్ని మనస్సాక్షి కోసం ఏ విచారణా చేయకుండా కొనుక్కోవచ్చు. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినవచ్చు, ఇది అర్పించిందని వారు చెబితే చెప్పినవారి మనస్సాక్షి కోసం మానాలి.

హలాల్ మాంసం దుకాణాలే ఎక్కువగా ఉన్న ఈ నగరంలో రెండో సందర్భం ప్రతి ఆదివారం పొద్దున ఎదురవుతుంది. చాలా తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఏ ప్రశ్నా లేకుండా అక్కడే కొంటాయి, పౌలు మాట ప్రకారం అందులో తప్పులేదు. లడ్డు మూడో సందర్భం కిందికి వస్తుంది. పెట్టినవారు ఇది స్వామి ప్రసాదమని చెప్పే ఇస్తారు కాబట్టి మర్యాదగా వద్దనేవారికి పౌలు మాటలో గట్టి ఆధారం ఉంది. సాధారణ మిఠాయిగా తీసుకున్నవారి మీద వెంటనే తీర్పు చెప్పవద్దని రోమా 14 ఆపుతుంది. రెండు పక్షాల వారూ చూడాల్సింది ఎదుటివాడి మనస్సాక్షికి ఏం జరుగుతుందన్నదే.

దశమభాగం

పాత నిబంధనలో పదో వంతు ఒకటే కాదు. లేవీయుల పోషణకు ఒకటి ఉంది (సంఖ్యాకాండం 18). పండుగలో కుటుంబంతో కలిసి తినడానికి ఒకటి, మూడేళ్లకోసారి పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలి కోసం ఒకటి ద్వితీయోపదేశకాండం 14లో ఉన్నాయి. పదో వంతు మందిరానికి తెమ్మన్న మలాకీ 3:10 చదివేటప్పుడు ఈ మూడో భాగం సాధారణంగా వినిపించదు. కొత్త నిబంధన శాతం చెప్పదు. తాను వర్ధిల్లిన కొలదీ తీసి ఉంచమంటుంది, సణుగుతూ గానీ బలవంతంగా గానీ ఇవ్వవద్దంటుంది. పదో వంతు మంచి అలవాటని చెప్పే సంఘానికి ఇందులో అడ్డేమీ లేదు. ఇంటి ఈఎంఐ, ఆసుపత్రి అప్పు మధ్య నలిగే కుటుంబానికి, ఇవ్వకపోతే శాపమని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు.

కనబడే ఆజ్ఞలు, కనబడని ఆజ్ఞలు

సంఘ క్రమశిక్షణ సహజంగానే కంటికి కనిపించే వాటి మీద పడుతుంది. బొట్టు, నగలు, పూలు, సినిమా, మద్యం. వీటిని గమనించడం తేలిక, నిలదీయడమూ తేలికే. అబద్ధసాక్ష్యం, దురాశ అలా కనిపించవు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ వ్యవహారం దీనికి సూటి ఉదాహరణ. చదువు అయిపోయి ఖాళీగా ఉన్న కుర్రాడికి మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లెటరు, పేస్లిప్పులు తయారుచేసి ఇచ్చేవారు దొరుకుతారు. ఇంటర్వ్యూ కోసం సంఘంలో ప్రార్థన మనవి ఇస్తారు. ఉద్యోగం వచ్చాక సాక్ష్యం చెబుతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరక్కూడదని మళ్లీ ప్రార్థన. అందరూ ఇలాగే చేస్తున్నారు కదా అనే మాటలో నిజంగా ఒత్తిడి ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. అయినా అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ సరిగ్గా ఇక్కడే వర్తిస్తుంది. ఆ కుర్రాడికి విధేయత ఖరీదు ఒక ఆఫర్ లెటర్. ఆ ఖరీదు ఒక్కడే మోయకుండా సంఘం పక్కన నిలబడితేనే, అంటే తెలిసిన చోట నిజాయతీగా రిఫర్ చేసి, రెండు నెలల హాస్టల్ ఫీజు సర్దితేనే, ఆజ్ఞ బోధించే హక్కు సంఘానికి బలంగా ఉంటుంది.

ఇప్పటికే తప్పు చేసినవారి సంగతేమిటి? ధర్మశాస్త్రంలో పశ్చాత్తాపం మాటతో ఆగదు. సంఖ్యాకాండం 5:7 ప్రకారం సొమ్ముతో పాటు అయిదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలి. పన్ను వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. అయితే యేసు ఇంటికి వచ్చాకే ఆ మాట అన్నాడు, రావడానికి రుసుముగా కాదు. క్షమాపణ దొరికింది కాబట్టే నష్టపోయినవాడికి చెల్లించే ధైర్యం వస్తుంది.

కట్నం సంగతి ఇంకా గట్టిది. 1961 నుంచి చట్టప్రకారం నేరం, పదో ఆజ్ఞ ప్రకారం ఇతరుల సొత్తు ఆశించడమే పాపం. అయినా "వాళ్ల అమ్మాయికి వాళ్లు పెట్టుకుంటున్నారు" అన్న మాట కింద ఫ్లాటు, కారు, బంగారం చేతులు మారుతున్నాయి. పెళ్లిలో బొట్టు పెట్టారా లేదా అని చూసే పెద్దలు ఈ లెక్క అడగరు. పుదీనాలో పదో వంతు ఇచ్చి న్యాయం, కనికరం వదిలేశారని మత్తయి 23:23లో యేసు పరిసయ్యులను తప్పుపట్టిన చోట, చిన్నవి మానమని చెప్పలేదు, పెద్దవి మానవద్దన్నాడు.

చాలా సంఘాల్లో పెళ్లికి ముందు ఆదివారాల్లో వివాహ ప్రకటన చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. ఆ ప్రకటన రాసుకోవడానికి రెండు కుటుంబాలూ పాస్టర్ గారి దగ్గరికి వచ్చి కూర్చుంటాయి. వయసు, బాప్తిస్మం, సంఘ సభ్యత్వం అడిగే ఆ అరగంటలోనే ఇచ్చిపుచ్చుకోవడాల గురించీ అడగవచ్చు. వరుడి తల్లిదండ్రుల ముందు, వధువు తల్లిదండ్రులు వింటుండగా.